ఖాళీ రోడ్డు మీద హనుమండ్లు

మండుటెండలో కారు వైపర్లు అటూ ఇటూ ఊగుతుంటే వాడకట్టంతా నవ్వింది. మందమర్రి కార్మికుల కాలనీలో, నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ కొమురవ్వ ఊరుకుంటుందా?

"ఓ హనుమండ్లూ, వానేడ పడుతుందిరా? జర మా దిక్కు గూడ పంపియ్యరాదు!"

"పంపుతనే చిన్నవ్వా, ముందుగాల ఇండికేటర్ దొరకనియ్యి!"

పక్క సీట్లో కూచున్న కూతురు నవత కడుపు పట్టుకుని నవ్వింది. తప్పు హనుమండ్లుది కాదు, అతని ఎడమచేతిది. మస్కట్‌లో సగం జీవితం కార్లు నడిపి అతను ఈమధ్యే ఇంటికి వచ్చేశాడు. అక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, బండ్లు రోడ్డుకు కుడిపక్కన పోతాయి. మలుపు దగ్గర ఎడమచెయ్యి కదిలిస్తే ఇండికేటర్ వెలుగుతుంది. ఇక్కడ అదే చెయ్యి కదిలిస్తే వైపర్లు లేస్తున్నాయి.

నవ్వులాటగానే ఉంది కానీ, లోపల అతనికి గుబులుగానే ఉంది. మంచిర్యాల స్టేషన్ దగ్గర కొత్తగా ట్యాక్సీలు పెట్టినవాళ్లు డ్రైవర్లను తీసుకుంటున్నారు. ముందుగా బండి నడిపి మెప్పించాలి. మెప్పిస్తే ఇంటిపట్టున ఉండొచ్చు. లేదంటే మళ్లీ మస్కట్. అక్కడ అతనితో ఒకే గదిలో ఉన్న పెద్దపల్లి శ్యాంసుందర్ అప్పటికే ఫోను చేశాడు. "అన్నా, మన సేటు కాడ జాగ ఖాళీ అయింది. శుక్రారం లోపల చెప్పకపోతే ఇంకోన్ని పెట్టుకుంటడు."

"ఇగ చాలు, ఇంటికాడుండు" అంది భార్య బాలలక్ష్మి. నవత కారు తాళాలు తెచ్చి చేతిలో పెట్టింది.

ఆ కారు దగ్గరికి వచ్చినప్పుడల్లా అతనికి ఒక మాట ముల్లులా గుచ్చుకుంటుంది. సెలవు మీద వచ్చిన ప్రతిసారీ "బిడ్డా, ఈసారి డ్రైవింగు నేనే నేర్పుత" అనేవాడు. పెళ్లిళ్లు, పరామర్శలు, చుట్టాల ఊళ్లు తిరగడంలో సెలవు కరిగిపోయేది. చివరికి పిల్ల మంచిర్యాలలో ఎవరో మాస్టరు దగ్గర నేర్చుకుంది. ఇప్పుడు ఆ మాస్టరు మాటలే తండ్రికి అప్పజెబుతోంది: "అద్దం సూడు బాపూ. తర్వాత ఇండికేటర్. తర్వాతనే మలుపు." తాను నేర్పాల్సిన చదువు పరాయివాడి గొంతులోంచి తిరిగి తనకే రావడం ఎట్లా ఉంటుందో అతన్నే అడగాలి.

రోడ్డుకు ఏ పక్కన నడవాలన్నది ఎవరు తేల్చారో కానీ, దేశానికో తీరు. కత్తి కుడిచేత పట్టే రౌతులు ఎదుటివాణ్ణి కుడివైపుకే రానిచ్చేవారనీ, అందుకే కొన్ని దేశాలు ఎడమకు స్థిరపడ్డాయనీ పుస్తకాలు చెబుతాయి. నిజమెంతో! మన రైతును అడిగితే ఇంతకన్నా పనికొచ్చే సంగతి చెబుతాడు. కాడికి ఎడమపక్కన కట్టేది దాపటెద్దు, కుడిపక్కన కట్టేది వలపటెద్దు. ఏళ్ల తరబడి దాపట నడిచినదాన్ని వలపట కట్టిచూడండి. బలం అదే, బుద్ధీ అదే, సాలు మాత్రం వంకర పోతుంది. దాన్ని కొట్టి లాభం లేదు. కొన్నాళ్లు ఓపిక పట్టాలి. హనుమండ్లుకు ఆ కొన్నాళ్లే లేకపోయాయి.

అయినా వైపర్లు సద్దుమణిగాయి. సంత రోజున కూరగాయల బండ్లు, ఆటోలు, బర్రెల మధ్య నుంచి వెన్నపూసలో కత్తి దింపినట్టు కారును దాటించాడు. నవత మెచ్చుకుంది కానీ, ఒక మాట మళ్లీ మళ్లీ అడిగింది.

"పొద్దుగాల్నే ఒక్కసారి ఖాళీ రోడ్డు మీద పోదాం బాపూ."

"ఖాళీ రోడ్డు మీద నేర్సుకునేదేముంటది? గక్కడ సంటిపిల్లగాడు గూడ నడుపుతడు."

"మా మాస్టర్ చెప్పిండు, జనం లేనికాడనే..."

"మీ మాస్టర్‌కు నా అంత సర్వీస్ ఉన్నదా?"

మాస్టరు పేరెత్తితే తండ్రి ముఖం ఎందుకు మాడుతుందో నవతకు తెలుసు.

పరీక్ష రోజున పక్కన కూచుని చూసినవాడు ట్యాక్సీలవాళ్లు పంపిన కరుణాకర్ అనే నడివయసు మనిషి. బజారు దాటారు, ఓవర్‌బ్రిడ్జి దాటారు. ఎక్కడా చిన్న కుదుపు లేదు. కరుణాకర్ తలూపుతూనే ఉన్నాడు. గోదావరి వైపు పోయే రోడ్డులో పెట్రోలు బంకు దగ్గర గాలి కొట్టించి, మళ్లీ రోడ్డెక్కమన్నాడు. అటుచూసినా ఇటుచూసినా ఒక్క బండి లేదు. ఇన్నాళ్లూ ముందు పోయే ఆటోనో లారీనో అతనికి దారి చూపింది. ఇప్పుడు చూపేవారు లేరు. హనుమండ్లు ఇండికేటర్ సరిగ్గానే వేశాడు. అద్దం చూశాడు. తాపీగా రోడ్డెక్కి, హాయిగా కుడిపక్కన పట్టి పోసాగాడు.

"అన్నా, జర పక్కకాపు" అన్నాడు కరుణాకర్.

ఆపాడు. ఏమైందో ఇంకా తెలియలేదు.

"మనం ఏ పక్కకున్నమో సూడు. లారీ ఎదురైతే ఇద్దరం గోదారిలనే."

హనుమండ్లు చూశాడు. చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి.

"బజార్ల నీ అసొంటి నడుపుడు నేను సూడలే. గని ఇది మాఫీ చేసేది కాదన్నా. ఆరు నెలలైనంక మల్ల రా."

స్టేషన్ బయట నవత ఎదురుచూస్తోంది. ముఖం చూడగానే గ్రహించింది.

"ఖాళీ రోడ్డేనా?"

"గదే."

ఆమె ఎత్తిపొడవలేదు. ఒక్క మాట అని ఉంటే అతనికి కొంత తేలికయ్యేది.

"ఆరు నెల్లే గద బాపూ. ఉండు. రోజూ పోదాం."

"శ్యాంసుందర్ ఆగుతడు గని, సేటు ఆగడు బిడ్డా. ఆరు నెలలైనంక మల్ల గిట్లనే అయితే? అప్పుడు గీడ లేదు, గాడ లేదు."

"నేను నేర్పుత గద!"

అదే మాట తాను ఎన్నిసార్లన్నాడో గుర్తొచ్చి, పేపరు కొనే నెపంతో పక్కకు నడిచాడు.

శుక్రవారం అరుగు మీద కూచుని ఫోను కలిపాడు. వస్తానన్నాడు. అవతల శ్యాంసుందర్ సంబరపడి, ఒక అనుమానం మాత్రం అడిగాడు.

"అన్నా, ఇన్ని దినాలు ఇంటికాడున్నవ్, గీడ మన రోడ్లు మర్సిపోలేదు గద?"

వాకిట్లో నవత కారు అద్దాలు తుడుస్తోంది. హనుమండ్లు గొంతు తగ్గించాడు.

"లేదు తమ్మీ" అన్నాడు. "ఏం మర్సిపోలే."