గొలుసు ప్రార్థనలో నిద్ర

మా ఆయన కాలు విరిగిన రోజు పొద్దున నేను ప్రార్థనలో ఆయన పేరు చెప్పలేదు. కావాలని కాదు. అందరి పేర్లూ చెప్పుకుంటూ వస్తుంటే పొయ్యి మీద పాలు పొంగాయి. లేచి వెళ్ళాను, ఇంటి పనిలో పడి మళ్ళీ మోకాళ్ళ మీదికి రాలేదు. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, గుత్తి రోడ్డులో బండి మీద నుంచి పడ్డాడని. కాలు అతుక్కుంది, మనిషి ఇప్పుడు మామూలుగానే తిరుగుతున్నాడు. నా గుండె మాత్రం ఆ రోజు నుంచి కుదురుగా లేదు.

అప్పటి నుంచి నా ప్రార్థన బడిలో హాజరు పిలిచినట్టు తయారైంది. మా ఆయన, కూతురు, అల్లుడు, ఊళ్ళోనే ఉండే మా ఆయన అక్క, ఆమె పిల్లలు, చివరికి పాకలో ఉన్న పాడి ఎనుములు. ఒక్క పేరు సరిగ్గా పలికానో లేదోనని అనుమానం వచ్చిందంటే మళ్ళీ మొదటి నుంచి. అన్నం మాడిపోతున్నా మధ్యలో లేచేదాన్ని కాదు. ప్రార్థన చేస్తే మనసు తేలికపడుతుందని పాస్టరుగారు ఆదివారం ఆదివారం చెబుతుంటే నాకు ఒళ్ళు మండేది. నేను ప్రార్థన ముగించి లేచేసరికి మూటలు మోసినంత అలుపు వచ్చేది. అనంతపురంలో డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, గుండె బాగానే ఉందమ్మా, భయమే ఎక్కువగా ఉంది అని మాత్రలు రాశాడు. వాటితో దడ కొంచెం తగ్గిన మాట నిజమే. పేర్లకు కాపలా కాయడం మాత్రం తగ్గలేదు.

మా ఆయనకు ఇదంతా వేళాకోళం. "నువ్వు నా పేరు చెప్పకపోతే ఇరిగిందా కాలు? ఎనుము అడ్డమొచ్చింది గాబట్టి ఇరిగింది. ప్రార్థన చేసేదుంటే ఆ ఎనుముకు చెయ్" అనేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

మా కూతురు కదిరిలో ఉంటుంది. నెలలు నిండాయి. బీపీ ఎక్కువగా ఉంది, ఆసుపత్రికి దూరం పోవద్దని డాక్టరమ్మ చెప్పడంతో కాన్పుకు మా ఇంటికి రాలేకపోయింది. నేనే వెళ్ళాలి. రోజూ ఫోన్ చేసి ఎప్పుడొస్తావమ్మా అని అడిగేది. రేపంటాను, ఎల్లుండంటాను. బస్సెక్కితే కండక్టరు టిక్కెట్టు అంటాడు, పక్కన కూర్చున్నామె ఏ ఊరమ్మా అంటుంది, నా పేర్లు మధ్యలో ఆగిపోతాయి. నేను ఇక్కడ మోకాళ్ళ మీద ఉంటేనే అది అక్కడ క్షేమంగా ఉంటుందని నా లెక్క. సిగ్గు విడిచి ఆ మాట ఎవరికి చెప్పుకోను?

ఫోన్ పెట్టేసే ముందు అది తప్పకుండా ఒకటి అడిగేది. "అమ్మా, పొద్దున నా పేరు చెప్పినావు కదా? మర్చిపోలేదు కదా?" ఆ గొంతులో ఉన్నది నా దడే. దానికి నిద్ర పట్టడం లేదని, రాత్రుళ్ళు లేచి కూర్చుంటోందని అల్లుడు చెప్పాడు. నా ముక్కు, నా జుట్టుతో పాటు దీన్ని కూడా బిడ్డకు ఇచ్చానే అని ఏడుపొచ్చేది.

ఆ రోజుల్లోనే మా చర్చిలో గొలుసు ప్రార్థన పెట్టారు. విత్తనం పడ్డాక వాన ముఖం చాటేసింది, వేరుశనగ చెట్లు మధ్యాహ్నానికి వాడిపోతున్నాయి. పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా ఒకరి తర్వాత ఒకరు గంట గంట ప్రార్థన చేయాలి. తర్వాతి మనిషి వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ముందు మనిషి లేవకూడదు. గొలుసు తెగకూడదు, అదీ మా దగ్గర పద్ధతి. నా కోసమే పెట్టినట్టుంది అనుకున్నాను.

నా తర్వాతి వంతు వదినది, అంటే మా ఆయన అక్కది. పొద్దున్నుంచీ కలుపు తీసి, ఎర్రమట్టి కాళ్ళతోనే వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"లెయ్ మే, నా వంతు."

"ఒక్క నిమిషం వదినా, ఇంగా అయిపోలేదు."

"నీది ఎప్పుడైపోయింది గన! లెయ్, నాకు కాళ్ళు పీకతాండాయి."

లేచాను గానీ బయటికి పోలేక తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆమె చాప మీద మోకరించి కొంగు తలమీదికి లాక్కుంది. "నాయనా, వాన కావాల. శెనక్కాయ ఎండిపోతాంది. మా మరదలు శానా భయపడతాంది, దాన్ని కూడా సూసుకో" అంది. అంతే. కాసేపటికి పక్కకు ఒరిగింది. ఇంకాసేపటికి గురక మొదలైంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. గొలుసు తెగింది. ఊరు మొత్తంలో ఆ క్షణాన ప్రార్థన చేసేవాళ్ళు ఎవరూ లేరు. చేతిలో ఫోన్ పట్టుకుని, ఇప్పుడు మోగుతుంది, కదిరి నుంచే అని నిలబడ్డాను. అది మోగలేదు. బయట గాలిమరలు తిరుగుతున్నాయి, ఎవరి మేకలో అరుస్తున్నాయి. లేపుదామని వంగాను. పగిలిన మడమలు, గోళ్ళలో మట్టి, కొంచెం తెరుచుకున్న నోరు. కావలసింది చెప్పి పడుకుంది మా వదిన. విన్నాడో లేదోనని రెండోసారి అడగలేదు.

నాకు ఆమె మీద అసూయ కలిగింది. ఆ వెంటనే, ఇన్నాళ్ళుగా దాచుకున్న అలుపంతా ఒక్కసారి బయటపడింది. ఆమె పక్కనే కూలబడ్డాను. "నాయనా, ఇంక నా వల్ల కాదు. పేర్లన్నీ నీకు తెలుసు" అన్నాను. తెలుసు కదా అని అడగలేదు, తెలుసు అనే అన్నాను. చాప మీద తల ఆనించింది గుర్తుంది.

భుజం మీద చెయ్యి పడితే మెలకువ వచ్చింది. పాస్టరమ్మ. "ఇద్దరూ పండుకున్నారా! గొలుసు తెంపినారు కదమ్మా!" అని తల పట్టుకుంది. వదిన కళ్ళు నులుముకుంటూ, "పండుకుంటే ఏమాయెనిప్పుడు? ఆయన మేలుకోనే ఉండాడు కదా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు వాన పడలేదు. ఆ వారమూ పడలేదు. నేను మాత్రం మర్నాడు పొద్దున బస్సెక్కాను. భయం కూడా నాతో పాటే ఎక్కింది. అనంతపురంలో బస్సు మారేటప్పుడు దిగి వెనక్కి పోదామా అని కూడా అనిపించింది. ఈ పొద్దుకు నువ్వే చూసుకో నాయనా అని కిటికీ పక్కన కూర్చున్నాను. పక్కనామె ఏ ఊరమ్మా అని అడిగితే చెప్పాను.

కూతురు మంచం మీద కూర్చుని ఉంది. పాదాలు వాచాయి, కళ్ళ కింద నల్లగా ఉంది. నన్ను చూసి ఏడ్చింది. ఏడుపు ఆగాక రోజూ అడిగేదే అడిగింది.

"పొద్దున నా పేరు చెప్పినావా అమ్మా?"

"లేదు. నిన్నైతే చర్చిలో ప్రార్థన మధ్యలోనే నిద్రపోయినా."

"నువ్వా?"

"నేనే. గురక కూడా పెట్టింటా."

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. మెల్లగా జరిగి, నా ఒళ్ళో తల పెట్టుకుంది.

"అయితే నేనూ పండుకుంటా" అంది.