కడగని మూల

మంగళవారం పొద్దున్న ఆరూ నలభైకి బడ్జ్ బడ్జ్ నుంచి ఫోను వచ్చింది. మా మరిది కూతురు. "పెద్దమ్మా, నాన్న పోయారు," అంది. తర్వాత, "నిన్న కూడా అడిగారు, పెట్ట ఎంత తూగిందని," అంది. ఫోను పెట్టేసి డాబా ఎక్కి పావురాన్ని తూచాను. ఆ పూట ఇంకేం చేయాలో నాకు తోచలేదు.

మా మరిది ముప్పై ఏళ్లకు పైగా పశువైద్య ప్రయోగశాలలో పనిచేశాడు. డాక్టరు కాదు. సీసాలు కడగడం, స్లైడ్లు సిద్ధం చేయడం అతని ఉద్యోగం. నేను ఇక్కడ కలకత్తా ఖిదిర్‌పూర్‌లోనే తెలుగు బడిలో లెక్కల టీచరుని. శ్రీకాకుళం నుంచి రేవు పనికొచ్చిన మా మామగారు అద్దెకు తీసుకున్న ఇంట్లో పై వాటా నాది, కింది వాటా అతనిది, డాబా అతని పావురాలది. ఆ డాబా దగ్గరే మాకు పడేది కాదు.

పొద్దున్నే టీ గ్లాసుతో పైకెక్కి, పావురాల కంటే ముందు వాటి రెట్టలు చూసేవాడు. "రెట్ట చూస్తే చాలు వదినా, పావురం మాట్లాడక్కర్నేదు," అనేవాడు. అనుమానం వస్తే పొట్లం కట్టి ప్రయోగశాలకు పట్టుకుపోయేవాడు. చిక్కటి ఉప్పునీళ్లలో కలిపితే కడుపులోని పురుగుల గుడ్లు పైకి తేలతాయట. ఓసారి టిఫిను డబ్బా పక్కనే ఆ పొట్లం కనబడి కేకలేశాను.

"పొట్లం మీద పేరు రాసినానుగా బౌదీ!" అన్నాడు. నన్ను ఆటపట్టించేటప్పుడు మాత్రం ఇక్కడి బెంగాలీవాళ్లలా వదినని బౌదిని చేసేవాడు.

భార్య పోయాక, ఆమె చేతిలో గింజలు తిన్న పావురాల్లో ఒక్క జంటే అతనికి మిగిలింది. అది చిక్కిపోసాగింది. తింటున్నాయి, ఒంటికి పట్టడం లేదు. చూస్తే ఏలికపాములు. నట్టల మందు పట్టించాడు. అదే వారం కూతురి కాన్పుకి బడ్జ్ బడ్జ్ వెళ్లాల్సి వచ్చి, వాటిని నాకు అప్పగించాడు.

"రోజూ తూచి రాయి వదినా. వీటిని నేను తరవాత కొన్న జంట, బాగున్నది, ఉండే మూలలో వదిలీ. ఆ మూల మాత్రం కడగకు. అక్కడి రెట్టలు చూసినాను, పురుగుల గుడ్లు నేవు."

"రోగిష్టి పక్షుల్ని ఎవరైనా పెంటలో పడేస్తారా?"

"పెంట కాదు. అదీ మందే."

అతను వెళ్లిన మర్నాడే ఫినాయిలు పోసి ఆ మూల కడిగాను. గోళ్లు చూడనిదే పిల్లల్ని తరగతిలోకి రానివ్వని మనిషిని. నాకు అప్పగించిన చోట రెట్టలుంటే ఊరుకోవడం నా వల్ల కాలేదు. రోజూ కడిగాను. బడి వాళ్లు పాతదని తీసేసిన సైన్సు తక్కెడలో రోజూ తూచాను. పుస్తకంలో రెండు గళ్లు: పోతు, పెట్ట. రెండింట్లోనూ అంకెలు దిగుతూ వచ్చాయి. తొమ్మిదో రోజు పోతు గడిలో గీత పెట్టాను.

పదో రోజు ఎర్రజెండాల ఊరేగింపుకి బస్సులాగిపోతే అతను నడుచుకుంటూ వచ్చాడు. డాబా మీద అడుగు పెట్టగానే వాసన తెలిసింది.

"కడిగీసినావేటి వదినా?"

"కడిగాను. పుస్తకంలో రాశాను."

ఫినాయిలు పోసిన రోజులన్నీ తేదీలతో సహా ఉన్నాయి. అన్నీ చదివాడు. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. అతను పెట్టను చేతిలోకి తీసుకుని, పైకి పొడుచుకొచ్చిన దాని రొమ్ము ఎముక తడిమాడు.

"పురుగులు పోయినాయి. కానీ కడుపులో అవొక్కటే ఉంటాయేటి? కంటికి కనబడని జీవులు కోట్లుంటాయి, తిన్నది అరిగించీవి, రోగాన్ని ఆపీవి. మన సందులో గూండాలు మకాం పెట్టినప్పుడు ఏటయింది? మంచోళ్లు తలుపులేసుకున్నారు, కొందరు ఇళ్లే వదిలీసినారు. గూండాలు పోయిన మర్నాడే దుకాణాలు తెరిచినారా? ముందు ఒకడు తెరవాలి, వాడిని చూసి ఇంకోడు. ఆ మూల రెట్టల్లో ఉన్నది అలగ తిరిగొచ్చీవోళ్లే వదినా."

"అయితే పోతుని నేనే చంపానా?"

"చెప్పలేం. ముసిలిది కూడా." పెట్టను కింద దింపి, "డాక్టరుబాబులే ఇంకా పూర్తిగా తేల్చుకోనేదు. నీకేటి తొందర?" అన్నాడు.

మన్నించమని అడగాలనుకున్నాను. చివరికి ఫినాయిలు సీసా పట్టుకుని కిందికి దిగాను. అతనికి అదే చాలినట్టుంది.

బాగున్న జంట ఆ మూలను మళ్లీ తమదిగా చేసుకునేదాకా ఆగి, రెట్టలు మరోసారి స్లైడు మీద చూసి, పెట్టను అక్కడ వదిలాడు. రెండు వారాలు అంకె కదల్లేదు. పదహారో రోజు అయిదు గ్రాములు పెరిగింది. ఎన్నడూ గొంతెత్తి పిలవనిదాన్ని, డాబా మీంచి "అయిదు!" అని అరిచాను. గడ్డం గీసుకుంటున్నవాడు సగం మొహాన సబ్బుతో పరిగెత్తుకొచ్చాడు.

"మళ్లీ తూచు వదినా."

తూచాను. అయిదే. సబ్బు మొహంతోనే ఏడ్చాడు.

పోయిన ఏడాది ఒంట్లో బాగోక కూతురి దగ్గరికి వెళ్లేటప్పుడు పెట్టను నాకే వదిలాడు. "ఈసారి జాగ్రత్తలేం చెప్పవా?" అని అడిగాను. "నీకేటి చెప్పాలి?" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు నా జీవితంలో ఎవరి దగ్గరా పొందలేదు. మన్నించమనే మాట అప్పుడైనా అనాల్సింది. అనలేదు. వారం వారం ఫోన్లో పెట్ట బరువు మాత్రం చెబుతూ వచ్చాను.

నిన్న, దినానికి బంధువులు వస్తారని డాబా అంతా కడిగించాను. కర్మలకని ఇక్కడికొచ్చిన అతని కూతురు బకెట్టు పట్టుకుని, "పెద్దమ్మా, ఈ మూల వదిలేశారు," అంది.

"ఉండనీ," అన్నాను.

తడి డాబా మీద ఆ మూలొక్కటే పొడిగా, తెల్లగా ఉంది. పెట్ట నీళ్ల అంచు దాకా నడిచొచ్చి, ఆగి, వెనక్కి తిరిగి వెళ్లి అక్కడే పొడుచుకోసాగింది.