పేజీ మూలల తడి

దయ్యాలంటే నాకు నవ్వొస్తది. రాత్రి ప్రార్థన చేసుకొని, లైటార్పి, గురకపెట్టి పడుకునే మనిషిని నేను. నాకు భయం లేదు గానీ అసహ్యం మాత్రం మస్తుంటది. అందులో ఎంగిలంటే మరీ. వేలు నాలుకకు అద్దుకొని పేజీ తిప్పేటోళ్ళని చూస్తే ఆ పుస్తకం మళ్ళ ముట్టబుద్ధి కాదు. లైబ్రేరియన్‌కు ఇది చిన్న తక్లీఫ్ కాదు.

యాప్రాల్‌లో ఒక స్కూల్ లైబ్రరీ నాది. సికింద్రాబాద్ చుట్టుపక్కల లైబ్రరీలల్ల పనిచేసేటోళ్ళం కొంతమందిమి నెలకోసారి కలుస్తం. చదువుకోడానికి వచ్చినోళ్ళకు ఎక్కడ ఇబ్బంది అయితున్నదో కనిపెట్టి సరిచెయ్యాలని మా తాపత్రయం. దానికి మా పద్ధతి ఒకటుంది. మాలో ఒకరు కొత్త పాఠకురాలి లెక్క లోపలికి పోవాలె. మిగతావాళ్ళు దూరం నిలబడి చూడాలె. ఆమె ఎన్ని తిప్పలు పడ్డా నోరు మెదపొద్దు, సాయం చెయ్యొద్దు.

ఆసారి మారేడ్‌పల్లిలో షాహీన్ నడిపే రీడింగ్ రూమ్‌కు పోయినం. షాహీన్ నాకంటే చిన్నది, అక్కా అని పిలుస్తది. పాపం బాగ పరేషాన్‌ల ఉండె. జనం వస్తలేరు, రూమ్ మూసి గోదాం చేస్తమని కాలనీ కమిటీవాళ్ళు అంటున్నరు. అది మూస్తే ఆమె ఉద్యోగం పోయినట్టే, ఇల్లు నడిచేది ఆ ఉద్యోగంతోనే.

"కిటికీ పక్కన బల్ల చూడక్కా. వెలుతురుంది, పైన ఫ్యానుంది. కూసుంటరు, జెరసేపటికే లేచి పోతరు, మళ్ళ రూమ్ మొహమే చూడరు. ఏందీ కథ అని అడిగితే చెప్పరు" అన్నది.

పాఠకురాలిగా నేనే పోయిన. పట్టపగలు. కుర్చీ వీపుకు తలనూనె జిడ్డు. బల్ల అంచు కింద చెయ్యి పెడితే ఎవడో అంటించిన ఎండిన చీమిడి. థూ! సిగ్గుండదా మనుషులకు? కర్చీఫ్‌తో తుడిచి కూసున్న. షాహీన్ అప్పుడే అట్టపెట్టె విప్పి తీసిన కొత్త పుస్తకం తెచ్చుకున్న, ఇంకా ఎవరూ ముట్టనిది.

రెండు పేజీలు తిప్పేసరికి మూల తడిగ తగిలింది. చెమ్మ అనుకున్న. తర్వాత పేజీ కూడా తడే. వెచ్చగ, జిగటగ, ఎర్రగ. పాన్ ఉమ్మి! ఎక్కడన్న ఆగుతదేమో అని తిప్పుకుంట పోయిన. ఆగలే. తలెత్తి మావాళ్ళ దిక్కు చూసిన. మా నియమం మాకుండె కదా, ఒక్కరు సుత కదల్లే.

పుస్తకం పడేసి వాళ్ళ దగ్గరికి ఉరికిన. "ఎవరిదీ గలీజ్ పని?" అని అరిచిన.

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నరు.

"అదేందక్కా, నువ్వే కదా" అన్నది షాహీన్ మెల్లగ. "ప్రతి పేజీకి వేలు నాలుకకు అద్దుకున్నవ్. కొందరు పాఠకులు గిట్లనే చేస్తరని యాక్టింగ్ చేస్తున్నవనుకున్నం."

నా చూపుడువేలు ఎర్రగ ఉంది. అప్పుడు తెలిసింది నోట్ల జర్దా పాన్ రుచి. నేను జన్మల పాన్ ముట్టలే. నల్లా కాడికి పోయి పుక్కిలించిన, కక్కిన. ఎర్రగనే వచ్చింది. చీ, రాస్తుంటే ఇప్పుడు కూడా నోరంతా ఎట్లనో అయితున్నది.

షాహీన్ నా చేతులు పట్టుకున్నది. "ఇది కమిటీకి చెప్తే ఇయ్యాలే తాళం పడ్తదక్కా."

చెప్పలే. ఎండ కండ్లల్ల కొడ్తున్నది, బల్ల తీసేయండి అని మాత్రం కమిటీకి చెప్పినం. తీసేసిండ్రు. ఆ పుస్తకాన్ని కవర్ల చుట్టి చెత్తబండిల వేసినం. జనం మెల్లగ రాబట్టిండ్రు. పండ్ల డాక్టర్‌కు చూపించుకుంటే చిగుళ్ళు శుభ్రంగున్నయ్, ఆ ఎరుపు వాటి రక్తం కాదన్నడు. ఆ రూమ్‌ల ఎవరన్న చచ్చిపోయిండ్రా అని వాకబు చేసిన. ఎవరూ లేరు.

ఇంక రూమ్ మూసేది లేదని కమిటీ మాటిచ్చినంక, షాహీన్ ఒకరోజు మా ఇంటికి వచ్చింది. చాయ్ తాగి కప్పు కింద పెట్టింది.

"అప్పుడే చెప్తే నువ్వు కమిటీకి అంతా చెప్పేస్తవేమోనని దాచిన. మాఫ్ చెయ్యక్కా" అన్నది. "ఆ రోజు నువ్వు వేలు అద్దుకొని ఊకోలే. పేజీ తిప్పినంక మళ్ళ ఆ వేలు చప్పరిస్తుంటివి. మంచి రుచి దొరికినట్టు నవ్వుతుంటివి."

నాకు యాదికున్నది ఆ అసహ్యం ఒక్కటే. తర్వాత అడిగితే చూసినోళ్ళు అందరూ నేను నవ్విననే చెప్తున్నరు. నా మొహంతో ఆ నవ్వు నవ్విందెవరో నాకు ఇప్పటికీ తెల్వదు.