ఎండ సంగతి అడగని డాక్టరు

1958 జూన్‌లో నన్ను ధర్మవరం నుంచి పెనుకొండకు బదిలీ చేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉంది కదా అని రోజంతా కత్తి పట్టుకునే ఉద్యోగం అనుకునేరు. అదొక చిన్న ప్రభుత్వ ఆసుపత్రి. కాన్పులు, తేలుకాట్లు, విరిగిన ఎముకలు, శవపరీక్షలు, కోర్టు సర్టిఫికెట్లు అన్నీ నేనే చూడాలి. ధర్మవరంలో రెండేళ్లపాటు మగ్గం గుంటల్లో కూర్చునేవాళ్ల మోకాళ్ల నొప్పులు చూసి చూసి విసిగిపోయాను. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. కొత్తది ఏదైనా చెయ్యాలని ఒకటే తహతహ.

పెనుకొండలో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు కోర్టు ఉండేది. హిందూపురం, మడకశిర వైపు పోలీసులకు దొరికిన పిచ్చివాళ్లను అక్కడ హాజరుపరిచేవారు. బ్రిటిష్ వాళ్ల నాటి లూనసీ చట్టమే ఇంకా అమలులో ఉంది. డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే మేజిస్ట్రేటు రిసెప్షన్ ఆర్డరు రాస్తారు. అంటే ఫలానా మనిషిని పిచ్చాసుపత్రిలో చేర్చుకోవాలని ఉత్తర్వు. డాక్టరుకు సందేహం ఉంటే పదేసి రోజుల చొప్పున, ముప్పై రోజులు దాటకుండా, పరిశీలనలో ఉంచుకోవచ్చు. బంధువులెవరైనా పూచీకత్తు రాసిస్తే ఇంటికి పంపే వీలు కూడా చట్టంలో ఉంది. కానీ ఆ దారిన ఎవరినైనా పంపినట్టు మా ఆసుపత్రి ఫైళ్లలో నాకు ఒక్క కాగితం కూడా కనబడలేదు.

జులై మొదటి వారంలో అశ్వత్థప్పను తెచ్చారు. చిలమత్తూరు దగ్గరి పల్లె, ఇరవై ఏళ్ల వయసు, వేరుశనగ పండించే మెట్ట రైతు కుటుంబం. తల్లిదండ్రులు లేరు. అమ్మ తల్లి రంగమ్మ పెంచింది. ఆమెతో పాటు మేనమామ నంజుండప్ప వచ్చాడు. ఉగాది నుంచి కుర్రాడికి నిద్ర లేదట. ఎండిపోయిన బావిలోంచి నలుగురు మాట్లాడుతున్నారనీ, తనను తిడుతున్నారనీ అనేవాడట. చివరికి వాళ్లు చెప్పారని పక్కింటివాళ్ల గడ్డివామికి నిప్పు పెట్టాడు. మనుషులకేమీ కాలేదు గానీ పోలీసులు వచ్చారు. మేజిస్ట్రేటు మొదటి పది రోజుల పరిశీలనకు మా దగ్గరికి పంపారు. కాలికి గొలుసు వేసి, దాని రెండో కొస మంచం కోడుకు కట్టారు.

రంగమ్మ నన్ను చూసిన మొదటి నిమిషంలోనే విషయం తేల్చేసింది. "వాణ్ని ఆ పెద్దాసుపత్రికి పంపితే మళ్లా మా గడప తొక్కడు సామీ. ఈడనే ఏదో ఒకటి చెయ్యి" అంది. ఆమె భయం ఒట్టి భయం కాదు. మద్రాసులో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు కొన్ని నెలలు మానసిక వైద్య విభాగంలో పనిచేశాను. ఇరవై ఏళ్లకు లోపలికి వెళ్లి, నలభై ఏళ్లకు కూడా అదే వరండాలో తిరుగుతున్నవాళ్లను చూశాను. అప్పటి చికిత్సలు కరెంటు షాకు, ఇన్సులిన్ ఇచ్చి స్పృహ తప్పించడం, గొడవ చేస్తే పారాల్డిహైడ్ అనే మత్తుమందు. ఆ పారాల్డిహైడ్ వాసన ఒకసారి ముక్కుకు పట్టిందంటే వారం రోజులు వదలదు.

కానీ నా దగ్గర ఒక కొత్త కబురుంది! క్లోర్‌ప్రోమజీన్ అనే మందు గురించి వైద్య పత్రికల్లో చదివి ఉన్నాను. అది మనిషిని మత్తులో పడేసే మందు కాదు, మెలకువగా ఉంచుతూనే రోగికి వినిపించే గొంతులను అణచివేస్తుందని రాశారు. చదివిన రోజు నుంచి నాకు అదే ధ్యాస. బెంగళూరులో ఉన్న నా సహాధ్యాయికి ఉత్తరం రాస్తే, ఇంజక్షన్ ఆంప్యూళ్లు, మాత్రలు, వాటితో వచ్చిన వివరాల కాగితం కట్టగట్టి రైల్లో హిందూపురం పంపాడు. అక్కడి మందుల షాపు శెట్టిగారు స్వయంగా పెనుకొండ తెచ్చి ఇచ్చారు. అనంతపురంలోని జిల్లా మెడికల్ ఆఫీసరు గారికి అనుమతి కోసం ఉత్తరం రాశాను. జవాబు వచ్చేదాకా ఆగితే పది రోజులూ అయిపోతాయని ఆగలేదు. అది క్రమశిక్షణ కాదని తెలుసు, అయినా చేశాను.

యాభై మిల్లీగ్రాములు తుంటి కండరంలోకి ఇచ్చాను. ఈ మందుతో రక్తపోటు పడిపోతుంది కాబట్టి గంటసేపు లేవకుండా పడుకోబెట్టాలి, పావుగంటకొకసారి రక్తపోటు చూడాలి. మా కాంపౌండరు ఖాదర్ సాహెబ్ ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. ఇది కూడా నిద్రమందే కదా అన్నట్టు నావైపు ఓ చూపు చూసి, అంకెలు రాసుకున్నాడు.

మూడో రోజు ఉదయం వార్డులోకి వెళ్లేసరికి అశ్వత్థప్ప మంచం మీద కూర్చుని ఉన్నాడు. నావైపు చూడలేదు. అవ్వను అడుగుతున్నాడు: "వాన పడిందా? ఇత్తనం ఏసినారా?"

అంతే! ఉగాది తర్వాత ఆ పిల్లవాడు అడిగిన మొదటి మామూలు ప్రశ్న అది. రంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను డాక్టరునన్న సంగతి మరిచి ఇంటికి పరుగెత్తి నా భార్యకు చెప్పాను. దారిలో పోస్టుమాస్టరును ఆపి ఆయనకూ చెప్పాను. పాపం ఆయనకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా సంతోషించాడు. ఇప్పటికీ ఆ ఉదయం గుర్తొస్తే నాకు కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాదు.

ఐదో రోజు మేజిస్ట్రేటు గారికి రాసి గొలుసు తీయించాను. గడువు రెండుసార్లు పొడిగించారు. మూడో వారంలో గొంతుల సంగతి అడిగితే, "ఉండారు సార్. కానీ దూరంగా ఉండారు. పక్కూర్లో పెళ్లి మైకు మాదిరి" అన్నాడు. నెలాఖరుకు ఆ మైకు కూడా ఆగింది. మాత్రలు రోజుకు మూడు పూటలా మింగుతున్నాడు.

గడువు తీరే ముందు కోర్టులో నిలబడి సర్టిఫికెట్ ఇవ్వనన్నాను. ఎందుకివ్వనో వివరించడం మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో తెలియలేదు. మేజిస్ట్రేటు గారు పెద్దాయన, మాట పొదుపు. "డాక్టరు గారూ, మీరు సాక్ష్యం చెబుతున్నారా, ఉపన్యాసం ఇస్తున్నారా?" అని అడిగారు. అయినా ఒప్పుకున్నారు. నంజుండప్ప ఆరు నెలలకు పూచీకత్తు రాశాడు. అతను ఆ పూచీ వదులుకున్నా, కుర్రాడు మళ్లీ ఎవరికైనా హాని చేసినా, వెంటనే రిసెప్షన్ ఆర్డరు రాస్తానని ఆయన స్పష్టంగా చెప్పారు. నేను గాల్లో తేలుతూ ఆసుపత్రికి వచ్చాను.

మూడు వారాలు తిరక్కుండానే నేల మీద పడ్డాను.

ఆగస్టు చివరలో ముగ్గురూ మళ్లీ వచ్చారు. అశ్వత్థప్ప మొహం నల్లగా కమిలి, ముక్కు మీద, చెవుల మీద చర్మం ఊడి వస్తోంది. మెడ, చేతులు బొబ్బలు. రంగమ్మ నన్ను చూడగానే అందుకుంది. "ఏం మందిస్తివి సామీ? పిల్లోని మొగం కాల్సిన వంకాయ మాదిరి అయిపాయె!" ఊళ్లో కొందరు అమ్మవారి కోపమన్నారు, కొందరు విషమన్నారు. ఆమె ఐదు రోజుల కిందటే మాత్రలు ఆపేసింది. కుర్రాడు తల వంచుకుని, "మళ్లా దగ్గరికి వస్తాండారు సార్" అన్నాడు.

నంజుండప్ప మాట ఇంకా సూటిగా ఉంది. "ఈసారి యాడ నిప్పు పెడతాడో, అది నా మెడకు చుట్టుకుంటాది. నేను కోర్టుకు పోయి పూచీ వద్దని చెప్తా సార్." అలా చెప్పిన మరుక్షణం ఆర్డరు తయారవుతుంది. ఒక్కరోజు ఆగమని బతిమాలాను. సాయంత్రం దాకా చూస్తానన్నాడు.

చొక్కా విప్పించి చూశాను. బనియను ఉన్నంత మేర చర్మం నిగనిగలాడుతోంది. బనియను అంచు దగ్గర గీత గీసినట్టు కాలిన చోటు మొదలైంది. అమ్మవారికి బనియనంటే భయం ఉండదు కదా! గదిలోకి వెళ్లి మందుతో వచ్చిన వివరాల కాగితం తీశాను. రక్తపోటు గురించి రాసిన వాక్యాల కింద నేను ఎర్ర గీతలు గీసుకున్నాను. వాటికి నాలుగు వరుసల కింద, ఈ మందు తీసుకునేవారికి తీవ్రమైన ఎండ తగలకూడదని ఉంది. ఆ వాక్యం జులైలోనే చదివాను. ఎండ అంటే ఎక్కడో చలిదేశాల వాళ్లు సముద్రపు ఒడ్డున సరదాగా పడుకునే ఎండ అనుకుని ముందుకు పోయాను. కలుపు తీసే రోజుల్లో వేరుశనగ చేనులో పొద్దుగూకులూ వంగి ఉండే మనిషికి ఇస్తున్నానని నాకు తట్టలేదు. సిగ్గుతో నా మొహం కూడా కాలింది.

బయటికి వచ్చి జరిగింది చెప్పాను. తప్పు నాదేనన్నాను. మాత్రలు మళ్లీ మొదలుపెట్టాలి, ఏడాది పాటు ఇంట్లోనే ఉండాలి అన్నాను.

అశ్వత్థప్ప మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. "ఇంట్లో కూసుంటే పిచ్చోడే అంటారు సార్. ఊరంతా సేన్లో ఉంటే నేనొక్కణ్ని గడపలో కూసోల్నా? అట్లయితే నీ మాత్ర నాకొద్దు."

నాకు కోపం వచ్చింది. ప్రాణం ముఖ్యమా, కలుపు ముఖ్యమా అని గట్టిగానే అరిచాను. రంగమ్మ అంతకంటే గట్టిగా అందుకుంది. "నీది నీడలో సేసే కొలువు సామీ. ఎండ సంగతి నీకేం తెలుసు? కురుబోళ్లు పొద్దంతా ఎండలోనే గొర్రెలు కాస్తారు. తలమీంద కంబళి ఏసుకోరా? వీడూ ఏసుకుంటాడు."

నిజమే. ఆ వైపు గొర్రెల కాపర్లు నల్ల ఉన్ని కంబళిని తల మీదుగా మోకాళ్ల దాకా కప్పుకుని ఎండాకాలంలో కూడా తిరుగుతారు. రోజూ కనిపించేదే. కాకపోతే నాకు మరో భయం పట్టుకుంది. ఈ మందు చెమట తగ్గిస్తుంది, రక్తపోటు దించుతుంది. ఉన్ని కప్పుకుని ఎండలో పనిచేస్తే వడదెబ్బ తగిలి పడిపోవచ్చు. ఊహించుకుని భయపడే బదులు కొలిచి చూద్దాం అనుకున్నాను. బొబ్బలకు పూతమందు రాసి, మాత్ర ఇచ్చి, రెండు గంటలు ఆగాం. తర్వాత ఖాదర్ సాహెబ్ ఎక్కడి నుంచో కంబళి సంపాదించాడు. అశ్వత్థప్పకు పొడుగు చేతుల చొక్కా తొడిగి, పైన కంబళి వదులుగా కప్పి, ఆసుపత్రి ఆవరణలో పార ఇచ్చి తవ్వమన్నాం. పావుగంటకొకసారి ఉష్ణోగ్రత, నాడి, రక్తపోటు. రోగులు వరండాలోకి వచ్చి నిలబడ్డారు. నంజుండప్ప మెట్టు మీద కూర్చుని కన్నార్పకుండా చూస్తున్నాడు. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో ఎవరూ కొలవలేదు గానీ, అశ్వత్థప్పది మాత్రం గంట తర్వాత కూడా నిలకడగా ఉంది. వేడి కొద్దిగా పెరిగింది, నీళ్లు తాగి నీడకు రాగానే దిగింది.

దాన్నిబట్టి పద్ధతి రాసిచ్చాను. తెల్లవారింది మొదలు పొద్దు బాగా ఎక్కేదాకా పని, మళ్లీ పొద్దు వాలాక పని, మధ్యాహ్నం కప్పు కింద. మజ్జిగలో ఉప్పు వేసుకుని మాటిమాటికీ తాగాలి. మాత్రల్లో ఎక్కువ భాగం పడుకునే ముందుకు మార్చాను. నంజుండప్ప లేచి పంచె దులుపుకున్నాడు. "రాప్పా, బస్సు పోతాది" అన్నాడు మేనల్లుడితో. కోర్టు మాట ఎత్తలేదు.

మేజిస్ట్రేటు గారికి నివేదిక పంపాలి. కాలడానికి కారణం జబ్బు కాదు, బంధువుల నిర్లక్ష్యం కాదు, వైద్యుడు ముందుగా హెచ్చరించకపోవడమేనని రాశాను. నోటితో చెప్పండి, కాగితం మీద పెట్టకండి అని ఖాదర్ సాహెబ్ సలహా ఇచ్చాడు. అయినా కాగితం మీదే పెట్టాను. అనుమతి లేకుండా మందు వాడినందుకు సంజాయిషీ అడుగుతూ అనంతపురం నుంచి మెమో కూడా అప్పుడే వచ్చింది. రెండింటికీ కలిపి ఒక హెచ్చరికతో వదిలేశారు.

సెప్టెంబరులో ఆగలేక నేనే బస్సెక్కి చిలమత్తూరు వెళ్లి, అక్కడి నుంచి ఆ పల్లెకు నడిచాను. చేనులో వరుసగా కలుపు తీస్తున్నవాళ్లలో ఒక నల్ల కంబళి దూరం నుంచే కనిపించింది. ఊళ్లో అతన్ని ఆటపట్టిస్తున్నారు. "ఏమప్పా కంబళీ, చలి పెడతాందా?" అని ఎవరో అరిస్తే, అతను కూడా ఏదో బదులిచ్చాడు, అందరూ నవ్వారు. అప్పటికి ఊళ్లో అతని పేరు కంబళి అశ్వత్థ. పిచ్చోడు అన్న మాట అక్కడ ఉన్నంతసేపు నా చెవిన పడలేదు.

ఆరు నెలలు పూర్తయ్యాక మేజిస్ట్రేటు గారు అతన్ని పిలిపించి ఏం చేస్తున్నావని అడిగారు. "సెనిక్కాయ పెరికినాము సార్. గింజ బాగుండాది" అన్నాడు. పూచీ రద్దయింది. తర్వాత ఒకసారి మాత్రలు మానేసి, మళ్లీ గొంతులు వినిపించి, తనంతట తానే వచ్చి చేరాడు. పన్నెండు రోజులుండి వెళ్లిపోయాడు. పెద్దాసుపత్రికి వెళ్లాల్సిన అవసరం, నాకు తెలిసినంతవరకు, అతనికి రాలేదు.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, మానసిక రోగి చీటీ మీద పేరు, వయసు రాశాక, మందు రాసే ముందు రెండు సంగతులు అడిగి రాసుకున్నాను. పగలంతా ఎక్కడ ఉంటావు? ఏ పని చేస్తే మీ ఊరు నిన్ను మనిషిగా లెక్కపెడుతుంది? మొదటిది తెలుసుకోకపోతే మందు రోగిని కాలుస్తుంది. రెండోది తెలుసుకోకపోతే రోగి మందు పారేస్తాడు.