రాతిబాట మీద సిపాయి

స్పెయిన్ రాజు ఏలుబడిలోని హవానాలో చెప్పులు కుట్టుకునే బసీలియో, ఆదివారం వచ్చిందంటే మనిషే మారిపోతాడు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళ పౌరసేనలో అతనొక సిపాయి. వేళ్ళకంటిన జిగురును నిమ్మచెక్కతో తోముకుని, కోటు గుండీలు మెడదాకా బిగించి, చెరుకుగడలా నిటారుగా కవాతుకు బయల్దేరతాడు.

మొన్న ఆదివారం వాన వెలిశాక, కవాతు చూడవచ్చిన తల్లి తొమాసాతో ఇంటికి తిరిగొస్తుంటే, ఇరుకు రాతిబాట మీద ఒక తెల్లదొర ఎదురయ్యాడు.

"దిగండి బురదలోకి!"

తొమాసా అలవాటుగా కాలు దించబోయింది. బసీలియో ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"కోట కాయడానికి మా తుపాకులు కావాలి గానీ, నడవడానికి మాకు బాట వద్దా దొరా?" అన్నాడు మెల్లగా.

వెనక వస్తున్న తోటి సిపాయిలు కూడా అక్కడే నిలబడిపోయారు. దొర వాళ్ళందరినీ చూసి, గొణుక్కుంటూ తనే బురదలోకి దిగాడు.

"ఒరే, నా కాళ్ళు వణుకుతున్నాయిరా" అంది తొమాసా.

"నాకూ వణుకుతున్నాయే అమ్మా. నడువు" అన్నాడు బసీలియో.