కొండ దిగేటప్పుడు అరిచిన మాట

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ మనవాళ్ళూ ఒకే వరుసలో నిలబడి ఓట్లు వేసిన మరుసటి ఏడాది నేను టోంగాట్‌లో లెక్కల టీచరుగా చేరాను. నెల్లూరు జిల్లాలో బాప్టిస్టు ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి. కొత్త ఊళ్ళో బియ్యం ఎక్కడ దొరుకుతాయో తెలుసుకోకముందే సంఘం ఎక్కడ కూడుతుందో తెలుసుకున్నాను. చెరకు తోటల్లో పనికి ఓడల్లో వచ్చిన తెలుగువాళ్ళ మునిమనవలు కట్టుకున్న మందిరం అది. నేను వెళ్ళిన మొదటి ఆదివారం పాటలు, ప్రసంగం, ప్రకటనలు అన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. చివర్లో ఒక పెద్దాయన లేచి, ముందు బెంచీ పట్టుకుని, తెలుగులో ప్రార్థన చేశాడు. నాయనమ్మ నోటి నుంచి నేర్చుకున్న ప్రార్థన. మాటలు సగం అరిగిపోయాయి, క్రియలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ముగింపు మాత్రం చెక్కుచెదరలేదు: "మా ఇంటికి నెమ్మది, మా దేశానికి నెమ్మది దయచేయి తండ్రీ."

అంత దూరం వచ్చి ఆ మాట వింటానని నేననుకోలేదు. గట్టిగా ఆమెన్ అన్నాను. ఎవరా అని అందరూ వెనక్కి తిరిగి చూశారు.

ఆయన్ను ఆ రోజు నుంచే పెదనాన్న అన్నాను. చక్కెర మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. వాళ్ళమ్మ తమిళావిడ కావడంతో నన్ను తంబీ అనేవాడు. ఆయనకు రెండే ఇష్టాలు, ప్రభువు, సైకిలు. మిల్లులో నేర్చిన పనితనంతో ఆ పాత రేసు సైకిలుకు సగం భాగాలు తనే అరగదీసి తయారు చేసుకున్నాడు. శనివారాలు చెరకు తోటల మధ్య నన్నూ తిప్పేవాడు. నాది స్కూల్లో తోటి టీచరు ఎరువిచ్చిన సైకిలు. అది మెరిసేది, నేను రొప్పేవాణ్ణి.

ఆయనకు ఒక కోరిక మిగిలిపోయింది. వయసులో ఉండగా సంఘం యువకులతో కలిసి, లారీలో సైకిళ్ళు వేసుకుని, డ్రేకెన్స్‌బర్గ్ కొండల్లోని రక్షిత వనానికి వెళ్ళారట. లోపలికి తెల్లవాళ్ళకే ప్రవేశమని గేటు దగ్గరే తిప్పి పంపారట. గేటు బయట గడ్డిలో కూర్చుని తెచ్చుకున్నది తిని, రెండు కీర్తనలు పాడి తిరిగొచ్చేశారు. కోపం రాలేదా అని అడిగాను. వచ్చిందన్నాడు, అయినా ఆ రోజు చేపల కూర చాలా బాగా కుదిరిందన్నాడు. ఇప్పుడు ఆ గేటు అందరికీ తెరిచారు. మోకాళ్ళు పనిచేస్తుండగానే ఆ గేటు నుంచి దారి చివరి దాకా తొక్కుకుంటూ ఎక్కి, తొక్కుకుంటూ దిగి రావాలని ఆయన ఆశ.

పెద్దమ్మ ఒప్పుకోలేదు. అంతకు రెండేళ్ళ ముందు ఉంజింటో దగ్గర ఒక దిగుడులో పడి ఆయన మెడ పక్క ఎముక విరగ్గొట్టుకున్నాడు. నెల రోజులు అన్నం కలిపి పెట్టింది ఆమే. నేను వెంట ఉంటానన్నాక కాస్త మెత్తబడింది.

"ఎక్కేది ఎక్కనీ నాన్నా, దానికి నాకు భయం లేదు," అంది. "దిగేటప్పుడే ఈ మనిషికి బుద్ధి ఉండదు. మళ్ళీ పడితే సైకిలు నేనే అమ్మేస్తా. నువ్వు చెప్పాల ఆయనకి. నీది అసలు తెలుగు, నీ మాట వింటాడు."

చెబుతానని మాటిచ్చాను.

బక్కీ అని అక్కడివాళ్ళు పిలిచే చిన్న ట్రక్కులో సైకిళ్ళు వేసుకుని తెల్లవారకముందే బయలుదేరాం. చలికాలం మొదలవుతోంది. గేటు చేరేసరికి గడ్డి మీద మంచు ఇంకా తెల్లగా ఉంది. ఖాకీ కోటు వేసుకున్న కాపలాదారు వచ్చి పెదనాన్నను బాబా అని పలకరించాడు. ఇద్దరూ జూలూ భాషలో కాసేపు మాట్లాడుకున్నారు. ఏం చెప్పారని అడిగితే, ఇంతకుముందు వచ్చారా అని అడిగాడనీ, గేటు దాకా వచ్చానని చెప్పాననీ అన్నాడు. కాపలాదారు అడ్డుకొయ్య పైకెత్తాడు. పెదనాన్న వెంటనే కదల్లేదు. టోపీ తీసి, సైకిలు పట్టుకునే, తెలుగులో ప్రార్థన చేశాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కాపలాదారు కూడా టోపీ తీశాడు.

ఆ దారి మీద కార్లు లేవు. సన్నటి తారు రోడ్డు, పక్కన వాగు, ఎండి రాగిరంగు తిరిగిన గడ్డి, ఎదురుగా గోడలా రాతి కొండ. కొండలవైపు కన్నులెత్తడమంటే ఏమిటో చిన్నప్పటి నుంచీ వింటున్నాను కానీ, నెల్లూరు జిల్లాలో మా ఊళ్ళో కన్నెత్తితే తాటిచెట్లే కనిపించేవి. పెదనాన్న ప్రతి ఎత్తుకూ ఒక కీర్తన ఎత్తుకునేవాడు. చరణం అయ్యేసరికి మలుపు రావాలి, రాకపోతే పల్లవి మళ్ళీ పాడేవాడు. దూరంగా ఈలండ్ జింకలు తలెత్తి మమ్మల్ని చూసి, పట్టించుకోనక్కర్లేదని మళ్ళీ మేతకు దిగాయి. దారి చివర రాయి మీద కూర్చుని, పెద్దమ్మ చుట్టి ఇచ్చిన రొట్టెలు తిన్నాం. ఆయన బూటు విప్పి, ఒక కాలు వాగు నీళ్ళలో పెట్టి, అబ్బా అని వెంటనే తీసేశాడు.

దిగేటప్పుడు నేను ముందుంటానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"నువ్వు ఎనక రా తంబీ. నువ్వు ముందు పడితే నేను నీ మీద పడతది."

మొదటి రెండు మలుపులూ బాగానే దిగాడు. మూడో దిగుడులో వేగం పెరిగింది. పైనున్న నాకు కింద మలుపు కనిపిస్తోంది. అక్కడ బబూన్ కోతుల గుంపు ఒకటి పిల్లల్తో సహా రోడ్డుకు అడ్డంగా కూర్చుని ఎండ కాచుకుంటోంది. ఆయనకు అది కనిపించదు. నేను ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"పెదనాన్నా, నెమ్మది! నెమ్మది!"

ఆయన ఒక చెయ్యి హ్యాండిల్ మీద నుంచి తీసి పైకెత్తాడు. "ఆమెన్!" అని అంతే గట్టిగా అరిచి, బ్రేకులు పూర్తిగా వదిలేశాడు.

మళ్ళీ అరిచాను. ఆయన మళ్ళీ ఆమెన్ అన్నాడు. తర్వాత మలుపు వచ్చింది. బ్రేకులు కీచుమన్నాయి కానీ సైకిలు ఆగలేదు. గుంపును తప్పించబోయి రోడ్డు దిగి గడ్డిలోకి దూసుకుపోయాడు. ముందు సైకిలు పడింది, తర్వాత ఆయన కనిపించకుండా పోయాడు. బబూన్లు మొరుగుతూ కొండ పైకి పరుగెత్తాయి. నేను సైకిలు రోడ్డు మీదే పడేసి, ప్రభువా ప్రభువా అంటూ పరుగెత్తాను. ప్రార్థనలో ఆ తర్వాతి మాట రాలేదు.

ఆయన గడ్డిలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. భుజం కదిపి చూపించాడు. చెబుతుంటే ఎందుకు ఆగలేదని నేను దాదాపు ఏడుస్తూ అడిగాను. చెప్పలేదు కదా, దీవించావు కదా అన్నాడాయన. అప్పుడు నాకు తెలిసింది. వాళ్ళింట్లో వేగం తగ్గించమనడానికి 'మెల్లగా' అనే మాట వాడేవారు. నెమ్మది అన్న మాట ఆయన ప్రార్థనలో తప్ప ఎక్కడా వినలేదు. ఆయనకు దాని అర్థం శాంతి, అంతే. నేను వెనక నుంచి శాంతి, శాంతి అని అరుస్తుంటే, వాక్యం తెలిసిన మనిషి భయం వదిలి సాగిపోక ఏం చేస్తాడు? మా ఊళ్ళో ఆ మాటకు నిదానమనే అర్థం కూడా ఉందని వివరించాను. ఆయన గడ్డిలో అలాగే పడుకుని విన్నాడు.

"అట్లనా? మరి ఇన్నేళ్ళు నేను ప్రభువుని స్లో అడిగినానా?" అన్నాడు. "అందుకే తంబీ, ఈ గేటు తెరవడానికి ఆయన అంత లేటు చేసినాడు."

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. మిగిలిన దారి సైకిళ్ళు నడిపించుకుంటూ దిగాం.

బక్కీలో వస్తుంటే నవ్వు తగ్గింది. మోచెయ్యి గురించి ఏం చెప్పాలన్నది సమస్య. సైకిలు ఎక్కేటప్పుడు జారిందని చెబుదామన్నాడు పెదనాన్న. తెలిస్తే మళ్ళీ పంపదనీ, తనకు ఇంకెన్ని చలికాలాలు మిగిలాయో తెలియదనీ అన్నాడు. ఆ మనిషి నన్నడిగింది అదొక్కటే. అయినా నేను ఆమెకు మాటిచ్చాను. అవునంటే అవును, కాదంటే కాదు అని నన్ను పెంచారు. అబద్ధం ఆడలేనని చెప్పాను. టోంగాట్ దాకా ఆయన కిటికీలోంచి చెరకు తోటలనే చూశాడు.

వంటింటి బల్ల దగ్గర పెద్దమ్మకు అన్నీ చెప్పాను. నా మాట వల్లే పడ్డాడనీ, తప్పు నాదనీ చెప్పాను. ఆయన తలొంచుకుని కూర్చున్నాడు. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. ఆయన మోచెయ్యి కడిగి, పసుపు అద్ది, గుడ్డ కట్టింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి మాచేత బక్కీలోంచి సైకిలు దింపించింది. రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి, చక్రం తిప్పింది. చక్రం ఆగలేదు. వంగి, అరిగిపోయిన రబ్బరు ముక్కను వేలితో తడిమింది.

"ఫిట్టరంట," అంది ఆయన వైపు చూడకుండా. "ఈ రబ్బర్లు మార్చకుండా మళ్ళీ ఆ కొండకి పో, చెప్తా."

పెదనాన్న నా వైపు చూశాడు. ఆ మాటలో 'మళ్ళీ' అన్న ముక్కను ఇద్దరం విన్నాం. ఆయన పనిముట్ల పెట్టె కోసం షెడ్డులోకి వెళ్ళాడు.