నీళ్లున్నాయో లేవో రాసిన పలక

అమ్మకం పన్ను కట్టే రోజు మా బాపు నోటికి ఎవరూ చిక్కకూడదు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాక ఆయన పెట్టిన చిన్న హోటల్ మాది. బాయిల్లో మనుషులు తగ్గేకొద్దీ మా బల్లలూ ఖాళీ అయ్యాయి. మూసేద్దామా అని ఇంట్లో రోజూ అదే మాట. అందులో పన్నొకటి, మూలిగే నక్క మీద తాటిపండు.

ఓసారి మంచిర్యాలలో వ్యాపారుల మీటింగుకి నేను పోయాను. రాష్ట్రానికి వచ్చే అమ్మకం పన్నులో కొంత మన జలపాతాలు, గుట్టల ప్రచారానికి పెడుతున్నామని చెప్పి అధికారులు రంగుల పోస్టరు చేతికిచ్చారు. దాని మీద ఉన్నది మాకు దగ్గరి జలపాతమే. సంబరంగా హోటల్ అద్దానికి అతికించాను. 'వానాకాలంలో చూడదగినది' అని అడుగున ఉన్న వరుస మీద చాయ్ ధరల కాగితం అంటించాను. కావాలనే అంటించాను, దాచడమెందుకు.

ఎండాకాలంలో కొండగట్టు దర్శనం చేసుకుని కరీంనగర్ కుటుంబం ఒకటి ఇటు వచ్చింది. జలపాతంలో నీళ్లున్నాయా అని అడిగితే ఉన్నాయన్నాను. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. పిల్లలు ఎండకు వాడిపోయారు, ముసలమ్మ పాదాలు బొబ్బలెక్కాయి. అక్కడ చుక్క నీళ్లు లేవట. నన్ను తిట్టినా బాగుండేది.

బాపు వాళ్లకు అన్నం పెట్టించి పైసలు తీసుకోలేదు. వాళ్లు పోయాక ధరల కాగితం పీకి, కింది వరుస చదివి నావైపు తిరిగాడు.

"బాయిల పైకప్పు మంచిగుందన్నోడే ముందుగాల దాని కింద నిలబడాలె. నువ్వు సూడకుంటనే మందిని తోలినవ్. గా పోస్టర్ల మన పైసలున్నయి. గది మన మాటే."

మర్నాటి నుంచి బాపు పొద్దున్నే మోపెడ్ మీద జలపాతం దాకా పోయి, చూసొచ్చి, పలక మీద రాసి గుమ్మానికి తగిలించేవాడు. 'నీళ్లు లేవు. చాయ్ ఉంది.' ఉన్న బేరం కూడా పోతుందని మొత్తుకున్నాను, వినలేదు. చిత్రంగా పలక చూసి నవ్వుకుని కార్లు ఆపేవాళ్లు. చాయ్ తాగుతూ, మళ్లీ ఎప్పుడు రావాలో బాపునే అడిగేవాళ్లు.

వానలు పడ్డాక ఓ ఆదివారం ఆ కరీంనగర్ వాళ్లే రెండు బండ్లలో దిగారు. మొహం చెల్లక నేను పొయ్యి దగ్గరే ఉండిపోయాను. ముసలమ్మ నేరుగా బాపు దగ్గరికి పోయింది.

"ఇయ్యాలన్న ఉన్నయా తమ్మీ, నీళ్లు?"

బాపు మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటు చూపించాడు. ఆమె నవ్వి, తిరిగొచ్చేసరికి అందరికీ అన్నం వండమంది.

హోటల్ మూసే మాట ఆ తర్వాత మా ఇంట్లో రాలేదు. పన్ను కట్టేటప్పుడు ఇప్పుడు బాపు సణగడు, కట్టినవా అని తనే గుర్తుచేస్తాడు. ఆ పోస్టరు మా పొయ్యి ఆరకుండా కాపాడింది, దాని మాట నిలబెట్టింది మాత్రం ఆయనే. ఆ రుణం నేను తీర్చలేను. మోకాళ్లు సహకరించక ఆయన ఇంటి పట్టున ఉంటే, పొద్దున్నే నేనే పోయొస్తున్నాను. పలక నా చేతికిచ్చే ముందు బాపు ఇప్పటికీ నా ప్యాంటు తడిసిందో లేదో చూస్తాడు.